మంచుబండ్ల విపణి నుండి ఒక పాత సంస్థ నిష్క్రమణ

మంచు అనగానే మన ప్రాంతపు విద్యార్థికి మార్గశిర, పుష్య మాసాల తెల్లవారుజామున పొలాలపై కమ్ముకొని, ప్రొద్దెక్కే సరికి కరిగిపోయే పొగమంచు మాత్రమే స్ఫురిస్తుంది. నడుము లోతున పేరుకొని, నాలుగైదు మాసాల పాటు కదలక, ఊరికీ ఊరికీ మధ్య దారినే మాయం చేసే మంచు మన అనుభవంలోనిది కాదు. అటువంటి మంచుపై నడిచే ఒక వాహనాన్ని గురించి, దానిని 55 సంవత్సరాలు తయారుచేసి ఇక చాలునని తప్పుకొన్న ఒక సంస్థను గురించి మన కళాశాల సంచికలో వ్రాయడమెందుకని కొందరు ప్రశ్నించవచ్చును. ఆ సంస్థ పేరు మనకు కొత్తది కాదు. 1985లో మన దేశపు రోడ్లపైకి వచ్చిన ఆర్.ఎక్స్. 100 మోటారు సైకిలును తలచుకొని నేటికీ నిట్టూర్చే పెద్దలు మన మధ్యనే ఉన్నారు. ఆ యమహా సంస్థయే ఈ వ్యాసానికి విషయం. ఒక సంస్థ విపణిలో ప్రవేశించడాన్ని గురించి మన వాణిజ్యశాస్త్ర పాఠాలు విస్తారంగా చెబుతాయి. నిష్క్రమించడాన్ని గురించి అవి చెప్పేది స్వల్పం. ఆ లోటు కూడ ఈ వ్యాసానికి ఒక కారణం.

2023 జూన్ నెలలో జపానుకు చెందిన యమహా మోటార్ సంస్థ ఒక ప్రకటన చేసింది. స్నోమొబైల్ వ్యాపారాన్ని దశలవారీగా విరమిస్తున్నామనీ, జపానులో 2022 సంవత్సరపు నమూనాలతో, ఐరోపాలో 2024 నమూనాలతో, ఉత్తర అమెరికాలో 2025 నమూనాలతో అమ్మకాలు ముగుస్తాయనీ ఆ ప్రకటన సారాంశం. ఈ విపణిలో వ్యాపారాన్ని నిలకడగా కొనసాగించడం కష్టమని భావించి, తన వనరులను ఇతర వ్యాపారాలపై, ఎదుగుతున్న కొత్త రంగాలపై కేంద్రీకరించదలచినట్లు సంస్థ చెప్పింది. 1968లో ఎస్.ఎల్. 350 అనే నమూనాతో మొదలైన ప్రయాణం ఆ విధంగా ముగింపునకు వచ్చింది.

ముందుగా ఈ వాహనం ఏమిటో తెలుసుకొందాము. ముందు భాగాన చక్రాలకు బదులు రెండు పొడవైన స్కీ పలకలుంటాయి. చేతిపిడిని త్రిప్పితే అవి త్రిప్పిన వైపునకు మళ్ళుతాయి. వెనుక భాగాన, యుద్ధపు ట్యాంకుకు ఉన్నట్లు, ఎడతెగని వెడల్పాటి రబ్బరు పట్టా తిరుగుతూ మంచును వెనుకకు నెట్టి బండిని ముందుకు పంపుతుంది. నడిపేవాడు మోటారు సైకిలుపై కూర్చున్నట్లే కూర్చుంటాడు. మెత్తని మంచులో మనిషి మోకాలి లోతున దిగబడుతుండగా, అంతకు మూడు నాలుగు రెట్లు బరువైన యంత్రం దిగబడక ఎట్లా పోతుంది? భౌతికశాస్త్ర విద్యార్థికి సమాధానం తేలికయే. 70 కిలోల మనిషి అడుగు తీసి అడుగు వేసేటప్పుడు బరువంతా ఒక పాదం మీద, అనగా రమారమి 220 చదరపు సెంటీమీటర్ల మీద పడుతుంది. చదరపు సెంటీమీటరుకు దాదాపు 0.3 కిలో. బండి, మనిషి కలిసి 330 కిలోలనుకొన్నా, పట్టా, స్కీ పలకలు కలిపి ఉజ్జాయింపుగా 8,000 చదరపు సెంటీమీటర్ల మంచును తాకుతాయి. చదరపు సెంటీమీటరుకు 0.04 కిలో మాత్రమే. మనిషి పాదం కంటె ఏడెనిమిది రెట్లు తేలికగా ఆ యంత్రం మంచును త్రొక్కుతున్నదన్నమాట.

ఇంజను శక్తిని పట్టాకు అందించే విధానం మరింత ఆసక్తికరమైనది. ఇందులో గేర్లుండవు. రెండు కప్పీల మధ్య ఒక రబ్బరు బెల్టు తిరుగుతుంది. ఇంజను వేగం పెరిగినకొద్దీ మొదటి కప్పీలోని చిన్న బరువులు బయటకు విసరబడి, కప్పీ రెండు చెక్కలను దగ్గరకు నెట్టుతాయి. బెల్టు పైకి ప్రాకుతుంది, గేరు దానంతట అదే మారినట్లవుతుంది. 1984లో మన దేశానికి వచ్చిన కైనెటిక్ హోండా స్కూటరులోను, నేడు మన వీధులలో తిరిగే గేరులేని పెట్రోలు స్కూటర్లలోను ఉన్నది మూలంలో ఈ ఏర్పాటే. దళసరి తొడుగుల మధ్య వ్రేళ్ళు కొంకర్లు పోయే చలిలో క్లచ్చి నొక్కి గేరు మార్చవలసిన అవసరం లేకపోవడం ఎంత సౌకర్యమో ఊహించుకోవచ్చును.

ఈ వాహన చరిత్ర ఒక విషాదంతో ముడిపడి ఉన్నది. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో వాల్‌కూర్ అనే చిన్న ఊరు. అక్కడ జోసెఫ్-అర్మాండ్ బొంబార్డియర్ అనే మెకానిక్కు ఉండేవాడు. పదునైదేండ్ల వయస్సులోనే, 1922లో, పాత ఫోర్డు కారు ఇంజనుకు విమానపు పంకా వంటిది తగిలించి మంచుపై నడిపిన ఘటికుడు. 1934 శీతకాలంలో అతని రెండేండ్ల కొడుకుకు కడుపులో వ్యాధి ముదిరింది. దారులన్నీ మంచుతో మూసుకొనిపోవడం వలన ఆసుపత్రికి చేర్చే వీలు లేక బాలుడు మరణించాడు. మంచుపై నడిచే బండి కోసం అంతకు ముందు నుండే ప్రయత్నిస్తున్న ఆ తండ్రి 1937లో పళ్ళచక్రంతో నడిచే పట్టాకు పేటెంటు పొందాడు. ఏడుగురు, పన్నెండుగురు కూర్చొనే మంచుబస్సులు తయారుచేశాడు. వైద్యులు, తపాలావారు, బడిపిల్లలు వాటిలో ప్రయాణించారు. తరువాత 1940ల చివర క్యూబెక్ ప్రభుత్వం గ్రామీణ రహదారులపై మంచును తొలగించే ఏర్పాటు చేయడంతో ఆ పెద్ద బండ్ల గిరాకీ పడిపోయింది. ప్రజలకు మేలు జరిగింది, తయారీదారుకు నష్టం వచ్చింది. వ్యాపారంలో ఈ రెండూ ఒక్కసారే జరగడం అరుదేమీ కాదు.

తేలికైన చిన్న ఇంజన్లు దొరకగానే 1959లో బొంబార్డియర్ ఒకరిద్దరు మాత్రమే ఎక్కే చిన్న బండిని విడుదల చేశాడు. కుక్కలు లాగే స్లెడ్జి బండికి బదులుగా వచ్చినది కనుక దానికి స్కీ-డాగ్ అని పేరు పెట్టదలచాడట. అక్షరం తప్పుపడి స్కీ-డూ అయిందని చెబుతారు. ఆ తప్పే ప్రపంచమంతటా నిలిచిపోయింది. మొదటి శీతకాలంలో అమ్ముడైనవి 225 బండ్లు.

అదే కాలంలో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, రోసో అనే ఊళ్ళో వ్యవసాయ పరికరాలు చేసే చిన్న కర్మాగారంలో డేవిడ్ జాన్సన్ అనే భాగస్వామి వేటకు వెళ్ళడానికి పనికివస్తుందని ఒక మంచుబండిని అతికించాడు. ప్రధాన భాగస్వామి ఎడ్గర్ హెటీన్‌కు ఆ పని మొదట రుచించలేదు. డబ్బుకు కటకటగా ఉండి ఆ బండిని ఊరిలోని కలప అడితి యజమానికి అమ్మివేశారు. పోలారిస్ సంస్థ మంచుబండ్ల వ్యాపారం అట్లా ఆరంభమైంది. 1960లో హెటీన్ కొందరు సహచరులతో అలాస్కాను అడ్డంగా సుమారు 1,200 మైళ్ళు మంచుబండ్లపై దాటి, ఇది ఆటబొమ్మ కాదని నిరూపించదలచాడు. తిరిగి వచ్చాక పెట్టుబడిదారులతో పొసగక బయటకు వచ్చి, థీఫ్ రివర్ ఫాల్స్ పట్టణంలో మరొక సంస్థను స్థాపించాడు. అదే ఆర్కిటిక్ క్యాట్. తాను పెంచిన సంస్థకు తానే పోటీదారు అయిన మనిషి కథ అది.

యమహా ఈ రంగంలోనికి 1968లో వచ్చింది. ఆ సంస్థ పూర్వచరిత్ర మన నాటక సమాజాల వారికి కూడ ఆసక్తి కలిగించవచ్చును. 1887లో హమామట్సు పట్టణంలోని ఒక బడిలో చెడిపోయిన రీడ్ ఆర్గన్‌ను బాగుచేసిన తొరాకుసు యమహా, ఆ అనుభవంతోనే వాద్యాల తయారీ ప్రారంభించాడు. మన హార్మోనియానికి దగ్గరి చుట్టమైన వాద్యమది. ఆ వాద్యాల సంస్థ నుండి 1955లో మోటారు సైకిళ్ళ సంస్థ వేరుపడింది. నేటికీ బండి ట్యాంకుపై కనిపించే గుర్తులో మూడు శ్రుతిదండాలుండటానికి కారణమదే. జపాను ఉత్తర, పశ్చిమ ప్రాంతాలలో మంచు విస్తారంగా కురుస్తుంది. కాని అసలు విపణి సముద్రానికి ఆవల ఉన్నది.

ఆ విపణి ఎంతటి వేగంతో పెరిగిందో చెబితే ఆశ్చర్యం కలుగుతుంది. 1970ల ఆరంభంలో వందకు పైగా సంస్థలు మంచుబండ్లు చేసేవి. మోటారు సైకిళ్ళ హార్లీ-డేవిడ్‌సన్, ట్రాక్టర్ల జాన్ డీర్, పడవ ఇంజన్ల మెర్క్యురీ మొదలైనవారంతా ఆ పందెంలో ఉన్నారు. 1971లో ఉత్తర అమెరికాలో అమ్ముడైన బండ్లు దాదాపు 4,95,000. ఆ సంఖ్యను విపణి మళ్ళీ ఎన్నడూ చూడలేదు. 1973లో చమురు సంక్షోభం వచ్చింది. అవసరానికి మించి తయారైన బండ్లు దుకాణాలలో పేరుకొన్నాయి. మంచు చాలని శీతకాలాలు తోడైనాయి. 1981లో ఆర్కిటిక్ క్యాట్ మాతృసంస్థ దివాలా తీసింది, కొద్ది సంవత్సరాలకు కొత్త యాజమాన్యం క్రింద మళ్ళీ లేచింది. జాన్ డీర్ తన మంచుబండ్ల విభాగాన్ని మూసి, సరంజామాను పోలారిస్‌కు అమ్మింది. జపాను సంస్థలలో సుజుకీ, కవసాకీ తమ బండ్లను ఆపివేశాయి. 1980ల నడిమికి వందమందిలో మిగిలినవారు నలుగురు: స్కీ-డూ, పోలారిస్, ఆర్కిటిక్ క్యాట్, యమహా. ఆ నలుగురిలో మంచుదేశపు చిన్న ఊళ్ళలో పుట్టనిది యమహా ఒక్కటే.

అంతటి గాలివానకు నిలిచిన సంస్థ నలుబదేండ్ల తరువాత ఎందుకు తప్పుకొన్నది? సంస్థ ప్రకటన ముక్తసరిది. కారణాలను మనమే వెదకుకోవాలి. నా అభిప్రాయంలో ఒక సాంకేతిక నిర్ణయం ఇందులో ముఖ్యమైనది.

చాలాకాలం మంచుబండ్లలో ఎక్కువగా ఉండినది రెండు స్ట్రోకుల ఇంజను. తేలికైనది, భాగాలు తక్కువ, గడ్డకట్టే చలిలో త్రాడు లాగితే పలుకుతుంది. కాని పెట్రోలుతో పాటు నూనెను కూడ మండించి, సగం మండని ఇంధనాన్ని పొగగా వదలుతుంది. ఆర్.ఎక్స్. 100 వెనుక ప్రయాణించిన వారికి ఆ నీలిపొగ వాసన వర్ణించనక్కరలేదు. మన దేశంలో 1996లో ఆ బండి తయారీ ఆగిపోవడానికి కారణం కఠినతరమైన పొగ నిబంధనలే. అమెరికాలోను అదే జరిగింది. యెల్లోస్టోన్ జాతీయవనంలో శీతకాలపు బండ్ల పొగ, మ్రోత గురించి సంవత్సరాల తరబడి వ్యాజ్యాలు నడిచాయి. 2002లో అక్కడి పర్యావరణ సంస్థ మంచుబండ్లకు తొలిసారి పొగ పరిమితులు విధించి, 2006 నమూనాల నుండి అమలు కావాలన్నది.

యమహా ఈ గాలిని ముందుగానే పసిగట్టింది. తన ఆర్1 పందెపు మోటారు సైకిలు ఇంజనును ఆధారం చేసుకొని, 2003 నమూనాగా ఆర్.ఎక్స్.-1 అనే నాలుగు స్ట్రోకుల మంచుబండిని తెచ్చింది. క్రమంగా తన వేగపు బండ్లన్నిటినీ నాలుగు స్ట్రోకులకే మార్చివేసింది. పొగ లేదు, నూనె కలపనక్కరలేదు, వేల మైళ్ళు ఇంజను విప్పకుండా నడుస్తుంది. ధర్మబద్ధమైన నిర్ణయమనే నేనంటాను. కాని బరువు పెరిగింది. కొండవాలుపై లోతైన మెత్తని మంచులో ఆడుకొనేవానికి పది కిలోలు కూడ భారమే. ఈలోగా ప్రత్యర్థులు రెండు స్ట్రోకుల ఇంజనులోనే ఇంధనాన్ని విద్యున్నియంత్రణతో సరిగా లెక్కకట్టి చిమ్మే పద్ధతిని సాధించి, ఆ తేలిక బండ్లతోనే కొత్త నిబంధనల పరీక్షను దాటివేశారు. అందరూ నాలుగు స్ట్రోకులకు రాక తప్పదని యమహా వేసిన లెక్క ఫలించలేదు. పరీక్షకు అందరికంటె ముందు సిద్ధమైన విద్యార్థికి, ప్రశ్నపత్రం మారినట్లయింది.

తరువాత జరిగినది నెమ్మదైన తిరోగమనం. 2014 నమూనాల నుండి యమహా, ఆర్కిటిక్ క్యాట్ పరస్పరం సరఫరా ఒప్పందం చేసుకొన్నాయి. ఇంజను యమహాది, చట్రం, కూర్పు ఆర్కిటిక్ క్యాట్‌వి. ఒకే కర్మాగారం నుండి రెండు పేర్లతో బండ్లు వచ్చాయి. 2017 నమూనా సైడ్‌వైండర్ టర్బో ఇంజనుతో వేగంలో పేరెన్నిక గన్నది. అయినా, ఒక సంస్థ తన పేరుతో అమ్మే వస్తువును పోటీదారు చేత చేయించుకొంటున్నదంటే, ఆ వస్తువుపై కొత్తగా పెట్టుబడి పెట్టే ఉత్సాహం తగ్గినదని చదువుకోవచ్చును. విపణి కూడ ఎదగలేదు. 1990ల చివర ప్రపంచమంతటా ఏటా రెండున్నర లక్షలు దాటిన అమ్మకాలు, 2020 తరువాత లక్షా పాతిక వేల ప్రాంతానికి దిగినవి. ఈ వ్యాపారంలో వసంతకాలంలో ముందస్తు బేరాలు తీసుకొని, వేసవిలో బండ్లు తయారుచేసి, శీతకాలానికి దుకాణం చేరుస్తారు. మంచు పడకపోతే ఆ పెట్టుబడి దుకాణంలోనే నిద్రపోతుంది. యమహా ప్రకటన చేసిన సంవత్సరమే 2023-24 శీతకాలం అమెరికా ప్రధాన భూభాగంలో నమోదైన వాటిలోకెల్లా వెచ్చనిదైనది. వానను నమ్ముకొన్న మెట్టరైతుకు, మంచును నమ్ముకొన్న దుకాణదారుకు పెద్ద భేదం లేదు.

సంస్థ మాట చాలించి, ఇక బండిని నమ్ముకొన్నవారి మాట చూద్దాము. ఇది వినోదపు వాహనం మాత్రమే అయితే నేను ఇంత దూరం వ్రాసి ఉండేవాడను కాను.

ఫిన్లాండు ఉత్తరపు కొసలో సేవెట్టియార్వి అనే ప్రాంతంలో సామీ జాతికి చెందిన స్కోల్ట్ ప్రజలు రెయిన్‌డీర్ మందలను మేపుకొని జీవిస్తారు. పెర్టీ పెల్టో అనే మానవశాస్త్రజ్ఞుడు వారి మధ్య నివసించి, 1973లో మంచుబండి విప్లవం గురించి ఒక గ్రంథం ప్రకటించాడు. 1960ల ఆరంభంలో అక్కడికి మొదటి మంచుబండి వచ్చింది. కొన్ని సంవత్సరాలలోనే మందలు కాయడమంతా దానిపైనే సాగింది. స్కీలపై నడిచిపోయే దినాలలో ఎక్కువ కాలం పట్టే ప్రయాణం గంటలలో ముగిసింది. అది మేలు. కాని బండ్లు లాగిన రెయిన్‌డీర్లను అమ్మివేశారు. మంచుబండి కొనడానికి, దానికి పెట్రోలు పోయడానికి, విరిగిన భాగాలు తెప్పించడానికి రొక్కం కావలసివచ్చింది. పూర్వం అడవిలోని నాచు తిని బండి లాగిన జంతువుకు రొక్కంతో పనిలేదు. రొక్కమున్న కుటుంబాలు నిలిచాయి, లేనివారు పలువురు మందల వృత్తి నుండే జారిపోయారు. ఇంటి ముంగిట దొరికే శక్తి స్థానంలో, ఎక్కడో దూరదేశంలో తయారై, ఎవరో నిర్ణయించిన ధరకు వచ్చే శక్తిపై ఆధారపడటం ఈ మార్పులోని సారమని పెల్టో వివరించాడు.

ఈ వివరణకు 2023 నాటి ప్రకటన చేర్చి చదవండి. యమహా చేసిన వైకింగ్ అనే బరువు పనుల బండి ఉత్తర ఐరోపాలో కట్టెలు లాగేవారికి, పశుకాపరులకు, రక్షక దళాలవారికి 1980ల నుండి పరిచితం. వేగానికి కాదు, మొండితనానికి దానికి పేరు. అలాస్కాలోను, కెనడా ఉత్తరాన ఇన్యూట్ గ్రామాలలోను వేటకు, చేపలకు, ఆసుపత్రికి, పొరుగూరికి పోవడానికి మంచుబండి తప్ప శీతకాలంలో వేరు దారి లేని చోట్లున్నాయి. అక్కడివారు వాటాదారులు కారు. వ్యాపారం నిలకడగా సాగదని నిర్ణయించిన సభలో వారికి ఓటు లేదు. మన ఆర్.ఎక్స్. 100 పోయినప్పుడు మనకు మిగిలినది బెంగ. నిర్జన మంచుమైదానంలో బెల్టు తెగి, దానికి తగిన బెల్టు ఎక్కడా దొరకనివానికి ఎదురయ్యేది ప్రాణాపాయం.

న్యాయానికి ఒక మాట చెప్పాలి. నిష్క్రమించే పద్ధతులలో యమహాది మర్యాదైన పద్ధతి. రాత్రికి రాత్రి తలుపులు మూయలేదు. ఒక్కొక్క ఖండానికి గడువు చెప్పింది. విడిభాగాలు, మరమ్మతు సేవలు కొనసాగిస్తామని హామీ ఇచ్చింది. 1970లలో కనుమరుగైన డజన్ల కొద్దీ సంస్థల బండ్లు కొన్నవారికి ఈపాటి భాగ్యం కూడ కలుగలేదు, పాత బండ్లను విప్పి భాగాలు ఏరుకొన్నారు. అయినా హామీకి ఆయుర్దాయం ఎంత అన్నది కొన్నవాడు అడగదగిన ప్రశ్నయే. ఇరువది ఏండ్లు నడిచేటట్లు చేసిన ఇంజనుకు పదేండ్ల తరువాత చిన్న రబ్బరు ముద్ర దొరకకపోతే ఆ మన్నిక ఎవరికి ఉపయోగం? మన పట్టణాలలో తయారీ ఆగిన బండ్లకు భాగాలు లేతు మిషనుపై చెక్కి ఇచ్చే ఉస్తాదులున్నారు. ఆ విద్య ఏ కళాశాలలోను నేర్పరు. ఏడాదిలో ఆరు మాసాలు మంచులో మునిగిన వంద గడపల ఊరికి అటువంటి ఉస్తాదు ఎక్కడి నుండి వస్తాడు?

మన దేశానికి కూడ ఈ వాహనంతో కొంత సంబంధం లేకపోలేదు. సియాచిన్ హిమానీనదంపై మన సైనికులు స్నో స్కూటరు పేరుతో దీనినే వాడుతున్నారు. గుల్మార్గ్‌లో విహారయాత్రికులను ఎక్కించుకొని తిప్పేదీ ఇదే. సెలవులలో కాశ్మీరు చూచివచ్చిన మన విద్యార్థులు కొందరు దానిపై ఫోటోలు దిగివచ్చి ఉంటారు.

యమహా వెళ్ళిన తరువాత మిగిలిన ముగ్గురి సంగతి కూడ నిశ్చింతగా లేదు. ఆర్కిటిక్ క్యాట్‌ను 2017లో టెక్స్‌ట్రాన్ అనే పెద్ద వ్యాపార సముదాయం సుమారు 24 కోట్ల 70 లక్షల డాలర్లకు కొన్నది. విచిత్రమేమంటే ఇదే టెక్స్‌ట్రాన్ చేతిలో 1968 నుండి 1981 వరకు పోలారిస్ ఉండినది. అప్పుడు వదలించుకోజూస్తే సంస్థ నిర్వాహకులే కొనుక్కొని బ్రతికించారు. ఈసారి కూడ చరిత్ర ఆ దారినే నడిచింది. 2024 చివర మిన్నెసోటా కర్మాగారాలలో పని నిలిపివేయబోతున్నట్లు ప్రకటన వెలువడింది. యమహా పేరుతో వచ్చిన వేగపు బండ్లు తయారైనది కూడ ఆ థీఫ్ రివర్ ఫాల్స్ పట్టణంలోనే. జనాభా పదివేలకు మించని ఆ ఊరిలో ఆ కర్మాగారం మూతపడటమంటే ఏమిటో, మిల్లు మూతపడిన మన పట్టణాలవారికి చెప్పనవసరం లేదు. 2025లో ఆ సంస్థ మరల చేతులు మారింది. కొన్నవారిలో ముఖ్యుడు ఒకప్పుడు అదే సంస్థలో పనిచేసినవాడు. పట్టణంలో కూర్పు పని మళ్ళీ మొదలైంది. యమహా మూడు శ్రుతిదండాల గుర్తుతో బండ్లు కదలిన ఆ ఊరిలో ఇప్పుడు ఒక్క పేరుతోనే బండ్లు తయారవుతున్నవి.